భూమిని నిటారుగా నిలబెట్టిన మునిసిపాలిటీ

మా నిప్పులగుంట ఎండ గురించి నేను చెబితే అందరూ కోతలంటారు. సరే, తగ్గించే చెబుతాను. వైశాఖం వచ్చిందంటే మా ఊళ్ళో కాకులు ఎగరవు. గొడుగు పట్టుకున్న మనిషిని వెతుక్కుని, ఆ నీడలో వెనకాలే నడుచుకుంటూ పోతాయి. బస్టాండులో దిగిన కొత్తవాళ్ళు అది చూసి, ఈయనెవరో కాకుల్ని పెంచుతున్నాడు కాబోలు అనుకుంటారు. బావిలో చేద వేస్తే నీళ్ళకంటే ముందు ఆవిరి పైకి వస్తుంది. కోడి గుడ్డు పెట్టాక, దాన్ని పొదగాలా, ఉప్పూ కారం చల్లి ఇంటివాళ్ళకు ఇచ్చెయ్యాలా అని కాసేపు ఆలోచిస్తుంది.

ఇలాంటి ఊళ్ళో సుగంధి వేళ్ళతో కాచిన నన్నారి సర్బత్తు పోసేవాడికి ఎంత మర్యాద ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆ మర్యాదస్తుణ్ణి నేనే. పేరు మద్దిలేటి. చదువుకోలేదు గానీ, బడి గోడకు ఆనించి బండి పెట్టుకున్నవాణ్ణి కాబట్టి చదువుకు దగ్గరివాణ్ణే. తరవాత ఆ గోడ పక్కనుంచి భూగోళం సర్కిలుకి మారాను.

భూగోళం సర్కిలంటే మా ఊరి నడిబొడ్డు. అక్కడ ఒక స్తంభం మీద ఇనుప రేకులతో చేసిన పెద్ద భూగోళం ఉంటుంది. సినిమా బోర్డులు రాసే ఆయన రంగులు వేశాడు కాబట్టి సముద్రాలు కాస్త కథానాయిక చీరలా మెరుస్తాయి. పక్కనున్నవాడు చెవిలో ఏదో చెబుతుంటే వినడానికి వంగిన మనిషిలాగా, ఆ గోళం ఒక పక్కకు ఒరిగి ఉండేది. దాని కడుపు కింద నీడలో నా బండి.

నాకు మునిసిపాలిటీ ఇచ్చిన అనుమతి ఎండాకాలానికి మాత్రమే. మిగతా కాలాల్లో బండి పెడితే ట్రాఫిక్కుకు అడ్డమట. మా సర్కిల్లో ట్రాఫిక్కంటే ఒక ఆటో, దాని ముందు పడుకున్న బర్రె. అయినా నేనేమీ అనలేదు. ఆ ఎండాకాలంలో సంపాదించుకున్నదే నాకూ మా ఆవిడ సుంకులమ్మకూ ఏడాదంతా అన్నం. ఎండ ఉంటే మేమున్నాం.

అప్పుడొచ్చింది 'వంకర లేని పట్టణం' పథకం.

పైనుంచి ఉత్తర్వు. పట్టణంలో ప్రతిదీ నిటారుగా ఉండాలి. అన్నిటికంటే నిటారైన ఊరికి కప్పు ఇస్తారు. మా కమిషనరు విరూపాక్షరావు గారికి కప్పులంటే ప్రాణం. ఆయన బల్ల మీద 'పిచ్చిమొక్కలు లేని పట్టణం' కప్పు, 'నవ్వుతూ పన్ను కట్టే పట్టణం' కప్పు ఉండేవి. మూడోదాని కోసం జాగా కూడా తుడిపించి పెట్టారు.

ఆ మర్నాటి నుంచి ఆయన చేతిలో మేస్త్రీలు గోడ నిలువు చూసే దారం గుండు. దాన్ని పట్టుకుని ఊరంతా తిరిగారు. కరెంటు స్తంభాలు నిలబెట్టించారు. ఒరిగిన కొబ్బరి చెట్టుకు తాళ్ళు కట్టి వెనక్కి లాగించారు. మిఠాయి కొట్టు ముందు నిలబడి జిలేబీ వైపు చాలాసేపు చూశారు. ఆ సాయంత్రం నుంచి మా ఊళ్ళో జిలేబీ పొడుగ్గా పుల్లలాగా వచ్చేది. తినడానికి బాగానే ఉండేది గానీ, కట్ట కట్టి ఇస్తుంటే చీపురు కొన్నట్టు ఉండేది. వెన్ను వంగిన ముసలివాళ్ళను తనిఖీ అయ్యేదాకా బయట తిరగవద్దని దండోరా వేశారు. మా ఎదురింటి అవ్వ అది విని, "నన్నేం నిలబెడ్తారప్పా వీళ్ళు, నిలబడే వయసులో నిలబడి నిలబడే ఇట్లయినా" అని దండోరావాడికి మజ్జిగ ఇచ్చి పంపించింది.

చివరికి ఆయన నా బండి దగ్గరికి వచ్చారు. వెంట ఇంజనీరు జకరయ్య గారు. మంచి మనిషి. ఎవరేమన్నా ముందు "సార్" అంటారు, తరవాత ఆలోచిస్తారు.

కమిషనరు గారు భూగోళం పక్కన దారం వదిలారు. గుండు నేల వైపు, గోళం ఇంకో వైపు. ఆయన ముఖం మాడిపోయింది.

"జకరయ్యా! ఇది ఎవరి హయాంలో ఒరిగినది?"

"సార్. ఒరగలేదు సార్. ఒంచే పెట్టినాము. భూమి అట్లనే ఉంటాది సార్, ఇరవై మూడున్నర డిగ్రీలు."

"భూమి వంగి ఉండవచ్చునని మన కార్యాలయానికి ఏమైనా ఆదేశం వచ్చినదా?"

"రాలేదు సార్."

"ఆదేశం లేని వంపు అక్రమ వంపు. తక్షణమే సరిచేయవలెను."

వెల్డింగు మస్తాన్ వచ్చాడు. నిచ్చెన వేసి, నిప్పురవ్వలు చిమ్మి, గొలుసుతో లాగి భూమిని నిటారుగా నిలబెట్టాడు. కమిషనరు గారు దారం వదిలి చూసుకుని, చప్పట్లు కొట్టమన్నారు. కొట్టాం. నేనైతే రెండుసార్లు కొట్టాను. నా బండి అక్కడుంది కదా.

అంతటితో అయిపోయేది. కానీ హైస్కూలు సైన్సు టీచరమ్మ హసీనా సర్బత్తు తాగడానికి వచ్చింది. పైకి చూసి గ్లాసు కింద పెట్టేసింది.

"ఏం మద్దిలేటీ, భూమికి ఏమైంది? అటెన్షన్‌లో నిలబడుకోనుండాది?"

"పైనుంచి ఆర్డరంట టీచరమ్మా."

కమిషనరు గారు ఇంకా అక్కడే ఉన్నారు. టీచరమ్మ ఆయన్ని ఆటపట్టించాలనే అనుకుంది, పాపం. నా బుట్టలోంచి ఒక నిమ్మకాయ తీసి, చీపురుపుల్ల గుచ్చి, ఎర్రటి నన్నారి సీసాను బండి మధ్యలో పెట్టింది.

"సార్, ఈ సీసా సూర్యుడు. ఈ నిమ్మకాయ మనం. పుల్ల ఇట్ల వాలి ఉంటాది. సూర్యుని చుట్టూ ఎంత తిరిగినా ఆ పుల్ల ఎప్పుడూ ఒకే దిక్కుకే చూస్తాది." ఆమె నిమ్మకాయను పట్టుకుని బండి చుట్టూ తిరిగింది. పుల్ల మాత్రం ఎప్పుడూ బస్టాండు వైపే. "ఇక్కడున్నప్పుడు మన పక్క సూర్యుని మీదికి వంగుతాది. ఎండ నెత్తిన పడుతుంది, పగలు పొడుగు. ఎండాకాలం. బండికి అవతలికి పోతే అదే వంపుతో మన పక్క వెనక్కి వాలుతాది. ఎండ ఏటవాలు, పగలు పొట్టి. చలికాలం."

"సూర్యుడు దగ్గరికి వచ్చుట వలన గదా ఎండాకాలం?" అన్నారు కమిషనరు గారు.

"సూర్యునికి మనం దగ్గరగా ఉండేది జనవరిలో సార్. దుప్పట్లు కప్పుకోని వణికేటప్పుడు. దగ్గరా దూరం కాదు, అంతా వంపులో ఉండాది. మీరేమో ఆ వంపే తీసేయించినారు. ఇంగ మనకు ఎండాకాలమూ లేదు, చలికాలమూ లేదు!" అని నవ్వి, సర్బత్తు తాగి వెళ్ళిపోయింది.

ఆమె నవ్వింది. కమిషనరు గారు నవ్వలేదు. ఆయన కళ్ళు మూడో కప్పు దాటి నాలుగో కప్పు మీదికి వెళ్ళడం నేను చూశాను.

"జకరయ్యా," అన్నారు మెల్లగా, "మనం ఎండాకాలమును నిర్మూలించితిమి!"

"సార్."

మర్నాడు ఊరంతా మైకు. నిప్పులగుంట పురపాలక పరిధిలో ఎండాకాలం రద్దు చేయబడినది, ప్రజలు ఆనందించవలెను. ఎండాకాలం లేదు కాబట్టి నీళ్ళ ట్యాంకర్లు ఆపేశారు. బడులకు ఎండాకాలం సెలవులు తీసేశారు. మామిడిపండ్లను అకాల సరుకు అని బుట్టల్లోంచి తియ్యనివ్వలేదు. ఆఫీసుల్లో ఫ్యాన్లు తిప్పితే ప్రభుత్వ విధానాన్ని అనుమానించినట్టేనని, గుమస్తాలు దస్త్రాలతో విసురుకుంటూ, ఎవరైనా వస్తే దుమ్ము దులుపుతున్నామనేవారు.

నా దగ్గరికి బంట్రోతు వచ్చి బండి తీసెయ్యమన్నాడు.

"ఎందుకన్నా?"

"నీది ఎండాకాలం పర్మిషన్ గదా. ఎండాకాలం యాడుండాది?"

"నీ చొక్కా తడిసిందే, అదేంది?"

"అది నా సొంత విషయం."

బండిని ఇంటికి తోసుకుపోయాను. సుంకులమ్మ గుమ్మంలో నిలబడి నన్నూ, బండినీ, పైన సూర్యుణ్ణీ చూసింది.

"ఏమయ్యా, పొద్దు నడినెత్తిన ఉండంగనే వచ్చినావు?"

"ఎండాకాలం కొట్టేసినారంట మే."

"కొట్టేస్తే ఈ చెమట ఏంది?"

"ఏమో, దాన్ని ఇంకా కొట్టెయ్యలేదు."

ఆమె నవ్వలేదు. కడవలో నానేసిన సబ్జా గింజల వైపు, మూలనున్న నన్నారి సీసాల వైపు చూసింది. "ఇవి అమ్ముడుపోకపోతే ముంగారు వాన వచ్చినాక ఏం తినాలయ్యా మనం?" అంది.

అందుకే కమిషనరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన బల్ల వెనక బిగుసుకుని కూర్చున్నారు. గొంతు దాకా బొత్తాలు. గడ్డం మీంచి చుక్క చుక్కగా కారి సిరా అలుక్కుపోతోంది.

"సార్, ఎండ ఉండాది సార్," అన్నాను వినయంగా.

"అది నిరుటి ఎండ. పాత నిల్వ. ఖర్చయ్యేవరకు కొంత కాలం పట్టును."

"మీకు చెమట పోస్తాంది గదా సార్."

"ఇది పరిపాలనా సంబంధమైన తేమ."

"గోడ మీద ఉష్ణమాపకం ఉండాది గదా, ఒక్కసారి చూడండి సార్."

"దానిని సస్పెండ్ చేసితిమి. ఉత్తర్వు వచ్చిన తరువాత కూడా పైకి ఎక్కినది. విచారణ జరుగుచున్నది."

గోడకు మేకు మాత్రమే ఉంది. నిజమే.

నేను బయటికి వస్తుంటే వాకిట్లో గోల. పక్క ఊరు రాళ్ళచెరువు నుంచి ట్రాక్టరు నిండా మనుషులు వచ్చారు. వాళ్ళ పెద్దమనిషి కండువా దులుపుతూ, "మీ ఊరి ఎండను మా మింద తోలినారు! రెండూర్ల ఎండ మేమొక్కరమే ఎట్ల మొయ్యల్ల?" అని అరుస్తున్నాడు. కమిషనరు గారు కిటికీలోంచే, "మా సరిహద్దు దాటిన ఎండకు మేము బాధ్యులము కాము," అన్నారు. వాళ్ళేమో, అయితే మీ ఎండ మీరు వాపసు తీసుకునేదాకా పోమని మునిసిపాలిటీ నీడలోనే కూర్చున్నారు. పాపం, వాళ్ళ ఊళ్ళో ట్యాంకరు ఆగలేదు, దాన్ని వెంట తెచ్చుకున్నారు. మాకు కూడా తలా ఒక బిందె ఇచ్చారు. ఎండాకాలం రద్దయినవాళ్ళకు ఎండాకాలం ఉన్నవాళ్ళు నీళ్ళు పోయడం నేను అప్పుడే చూశాను.

వాళ్ళ వెనకే మా వేరుశనగ రైతులు. ముందు చిన్న పుల్లప్ప. ఆయన ఎప్పుడూ కోపగించుకోడు, ఆ రోజు కూడా మెల్లగానే అడిగాడు.

"సార్, హసీనా టీచరమ్మ చెప్పింది. నేల బాగా కాగితేనే సముద్రం మిందనుంచి మోడాలు కదిలి వస్తాయంట. మీరు ఎండాకాలం తీసేస్తిరి. మరి వాన సంగతేంది?"

"వానాకాలము ప్రత్యేక అంశము. ప్రతిపాదన పంపించుకొనండి. పరిశీలించెదము."

"విత్తనం ఇంట్లో ఉండాది సార్. పరిశీలన అయ్యేదాకా అది ఆగుతాదా?"

"విత్తనమునకు కూడా ఓపిక నేర్పవలెను," అన్నారు కమిషనరు గారు.

పథకం తనిఖీకి పైనుంచి పరిశీలకురాలు గారు వచ్చింది సరిగ్గా అలాంటి మధ్యాహ్నమే. సన్నటి మనిషి, కళ్ళద్దాలు. జీపు దిగి భూగోళం ముందు నిలబడ్డారు. గోళం నిటారుగా ఉంది, స్తంభం నిటారుగా ఉంది, కమిషనరు గారు అన్నిటికంటే నిటారుగా ఉన్నారు. పరిశీలకురాలు గారు మాత్రం మెల్లగా ఒరగడం మొదలుపెట్టారు.

"వేడిగా ఉందే," అన్నారు.

"చల్లని వాతావరణము మేడమ్," అని కమిషనరు గారు ఆమెకు స్వాగత సత్కారంగా ఉన్ని శాలువా కప్పారు. వెంటనే పొగలు కక్కే కాఫీ తెప్పించారు.

ఆమె ఇంకా ఒరిగారు. ఇంకొంచెం ఉంటే ఇరవై మూడున్నర డిగ్రీలు దాటేవారు. జకరయ్య గారు పట్టుకుని స్తంభం నీడలో కూర్చోబెట్టారు. ఆమె కళ్ళు మూసుకునే, "ఎవరైనా... కొంచెం చల్లగా... సర్బత్తు..." అన్నారు.

అందరి తలలూ గుంపులో ఉన్న నా వైపు తిరిగాయి.

"మద్దిలేటీ! పరుగెత్తుము! సర్బత్తు!" అన్నారు కమిషనరు గారు.

నేను కదల్లేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"పర్మిషన్ లేదు సార్. ఎండాకాలం వస్తే పోస్తాను."

"మనిషి పడిపోవుచున్నది!"

"నేను చూస్తానే ఉండా సార్. నాకూ కడుపు కాలుతాంది. అయితే ఎండాకాలం లేని ఊర్లో సర్బత్తు పోస్తే మీ మాటను తీసేసినట్ల గాదా?"

అక్కడికి సుంకులమ్మ అప్పటికే సీసా, గ్లాసు చంకన పెట్టుకుని వచ్చేసింది. ఆమెకు నా పంతాలంటే నమ్మకం లేదు. నన్ను మోచేత్తో ఒక్కటి పొడిచి, "ఆయమ్మ చస్తే నీ పర్మిషన్ నువ్వే తాగుదువు గానీ, జరుగు," అని పరిశీలకురాలి గారి చేతిలో గ్లాసు పెట్టింది.

ఆమె గటగటా తాగారు. ఇంకో గ్లాసు. మూడోది తాగి కళ్ళు తెరిచి, శాలువా తీసి జకరయ్య గారి మీద వేశారు.

"కమిషనరు గారూ, ఈ ఊళ్ళో సర్బత్తు బండి ఎందుకు లేదు?"

కమిషనరు గారు లెక్క వేసుకున్నారు. బండి ఉందంటే ఎండాకాలం ఉన్నట్టు. ఎండాకాలం ఉందంటే వంపు ఉన్నట్టు. వంపు ఉందంటే కప్పు లేనట్టు. ఆ లెక్కంతా ఆయన ముఖం మీద పైకీ కిందికీ నడిచింది.

హసీనా టీచరమ్మ గుంపులోంచి ముందుకొచ్చి జాలిగా, "మస్తాన్‌తో ఒక మడత బందు పెట్టిచ్చండి సార్. కావాలన్నప్పుడు వంగుతాది, వద్దన్నప్పుడు నిలబడుతుంది. తలుపు మాదిరి," అంది. నవ్వాపుకుంటూనే అంది.

పరిశీలకురాలు గారు ఆలోచించారు. "కదిలే వంపును వంకర అనలేం. అది తాత్కాలిక వినయం," అన్నారు. మూడు గ్లాసుల సర్బత్తు మనుషుల్ని అంత మంచివాళ్ళను చేస్తుంది.

ఆ సాయంత్రమే మస్తాన్ భూమికి మడత బందు పెట్టాడు. ఒక పొడుగాటి తాడు కట్టాడు. తాడు వదులుగా ఉంటే భూమి ఒరుగుతుంది, అప్పుడు ఎండాకాలం. తాడు లాగితే భూమి నిలబడుతుంది, అప్పుడు ఎండాకాలం ముగిసి వానాకాలం ఆరంభం. అలా అని ఆర్డరు. ఇదేం లెక్కని టీచరమ్మ తల పట్టుకుంది గానీ వినేదెవరు? తాడు దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. ఎలాగూ బండి అక్కడే కాబట్టి ఆ మనిషిని నేనే. నా అనుమతి నాకు తిరిగొచ్చింది, తాడు వదులుగా ఉన్నంతసేపూ.

ఇంక చూడండి నా బాధ. పొద్దున్నే పాలావిడ, "ఏం మద్దిలేటన్నా, ఇంత ఎండ పెట్టినావే, నీకేమన్నా న్యాయమా?" అనేది. ఒడియాలు పెట్టేవాళ్ళు, "ఈ రెండు దినాలు బాగా కాయించు నాయనా" అని బతిమాలేవారు. చెమట పట్టిన ప్రతి మనిషీ నన్ను తిట్టి, తరవాత నా దగ్గరే సర్బత్తు తాగేవాడు. రాళ్ళచెరువు వాళ్ళు ట్రాక్టరు మీద వచ్చి, ఎండ వాపసు తీసుకున్నందుకు నాకు మామిడిపండ్ల బుట్ట ఇచ్చి పోయారు. నేను తీసుకున్నాను. వద్దంటే బాధపడతారు.

రోహిణి కార్తె దాటింది. చిన్న పుల్లప్ప వచ్చి నా బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. సర్బత్తు అడగలేదు.

"మద్దిలేటీ, ఇంగ లాగప్పా ఆ తాడు."

"అన్నా, తాడుకు వాన వస్తాదా?"

"రాదని నాకూ తెల్సు. అయితే కమిషనరు, నువ్వు తాడు లాగినాకనే పంట లోన్ ఇప్పిస్తానంటాండాడు. తాడు లాగకపోతే ఆయప్ప దగ్గర ఇంకా ఎండాకాలమే."

తాడు లాగితే నా బండి ఇంటికి పోవాలి. ఆ ఏడు సగం రోజులు అమ్మకం లేకే పోయాయి. సుంకులమ్మ వైపు చూశాను. ఆమె నిమ్మకాయలు కోస్తూ నా వైపు చూడలేదు. కత్తి మాత్రం ఆపింది.

"వాళ్ళ ఇంట్లో విత్తనం, మన ఇంట్లో సీసాలు. రెండూ ఒకటే గదయ్యా," అంది. అదే ఆమె తీర్పు. ఎటు వైపో నాకు అర్థమయ్యేసరికి నైరుతి మూల నల్లబడింది.

నేను తాడు ముట్టుకోలేదు. ఒట్టు. చల్లగాలి వచ్చింది, గ్లాసులు దొర్లాయి, తాటికాయలంత చినుకులు పడ్డాయి, ఆ వెంటనే ఆకాశం చేద బోర్లించినట్టు వాన. ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి కేకలు. చిన్న పుల్లప్ప నోరు తెరిచి పైకి చూస్తూ నిలబడిపోయాడు.

కమిషనరు గారి జీపు నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చింది. ఆయన గొడుగు లేకుండానే దూకారు.

"మద్దిలేటీ! తాడు లాగితివా?"

"ఇంకా లేదు సార్."

"మరి ఈ వాన ఏ ఆధారముతో కురియుచున్నది?"

"నన్నడగలేదు సార్."

"ఇది అనధికార వాన! పైవారికి ఏమని చెప్పవలెను? లాగుము, తక్షణమే లాగుము!"

నేను తాడు రెండు చేతులా పట్టుకున్నాను. లాగలేదు.

"లాగుతా సార్. లాగితే ఎండాకాలం అయిపోతాది, నా బండి పోతాది. వానాకాలం గూడా పర్మిషన్ ఇయ్యండి."

"వానాకాలములో సర్బత్తు ఎవరు తాగెదరు?"

"మిరపకాయ బజ్జీలు సార్."

ఆయన జుట్టులోంచి నీళ్ళు ముక్కు మీదుగా కారుతున్నాయి. వాన అలా అక్రమంగా పెరుగుతూనే ఉంది. "చలికాలానికి?" అని వెనకనుంచి సుంకులమ్మ అందించింది. "అన్ని కాలాలకు ఇచ్చితిమి! జకరయ్యా, రాసుకొనుము! లాగుము!"

"సార్," అన్నారు జకరయ్య గారు.

లాగాను. భూమి కిర్రుమని నిటారుగా నిలబడింది. కమిషనరు గారు స్తంభం అరుగెక్కి, తడిసి ముద్దయిన జనం వైపు చెయ్యెత్తి, "పురప్రజలారా! వర్షాకాలము ఇప్పుడు ప్రారంభించబడుచున్నది!" అన్నారు.

ఠక్కున వాన ఆగిపోయింది.

ఊరంతా ఆయన వైపు చూసింది. ఆయన నా వైపు చూశారు. నేను తాడు కింద పెట్టి బజ్జీల మూకుడు కోసం సుంకులమ్మను కేకేశాను. ఎవరూ నవ్వలేదు, ఆయన జీపెక్కి బస్టాండు మలుపు తిరిగేదాకా.

మలుపు తిరగ్గానే వాన మళ్ళీ వచ్చింది. ఈసారి తెల్లవార్లూ కురిసింది.